పేనుకొరుకుడు: పైపూత మందులను ఎలా పోల్చి చూడాలి?

దానంతట అదే తగ్గే అవకాశం ఉన్న జబ్బుకు ఒక మందు పనిచేసిందని ఎప్పుడు నమ్మాలి? ఈ పాఠ్యభాగం మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఉదాహరణగా తీసుకున్నది మనందరికీ తెలిసిన పేనుకొరుకుడు. ఈ భాగం చదివిన తరవాత మీరు పేనుకొరుకుడుకు కారణమేమిటో వివరించగలుగుతారు, తలపై రాసే ముఖ్యమైన మందులు ఒకదానికొకటి ఎలా భిన్నమో చెప్పగలుగుతారు, ఒక వైద్య ప్రయోగం ఫలితాన్ని చూసి దాని బలాబలాలను అంచనా వేయగలుగుతారు.

14.1 పేరులోనే ఉన్న పొరపాటు

తలలోనో గడ్డంలోనో రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు ఉన్నట్టుండి ఊడిపోయి చర్మం నున్నగా కనిపిస్తే మన ఇళ్ళలో "పేను కొరికింది" అంటారు. నిజానికి పేను వెంట్రుకను కొరకదు. అది చర్మం నుంచి రక్తాన్ని పీల్చి బతుకుతుంది. ఆయుర్వేద గ్రంథాలు ఈ వ్యాధిని ఇంద్రలుప్తం అన్నాయి. ఆధునిక వైద్యంలో దీని పేరు అలొపీషియా ఏరియేటా. అలొపీషియా అన్న మాట గ్రీకులో నక్క అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. గజ్జి పట్టిన నక్కకు బొచ్చు ఊడిపోవడం చూసి ఆ పేరు పెట్టారు. మనం పేనును నిందిస్తే వాళ్ళు నక్కతో పోల్చారన్నమాట.

పేరు తప్పయితే ఏం పోయింది అనుకోవచ్చు. పురుగు కొరికిందని నమ్మినప్పుడు అది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందన్న భయం కూడా వెంట వస్తుంది. దువ్వెన, తువ్వాలు వేరుగా పెట్టడం, పిల్లవాణ్ణి బడిలో దూరంగా కూర్చోబెట్టడం ఈ భయం నుంచి పుట్టినవే. పేనుకొరుకుడు అంటువ్యాధి కాదు. అయితే పిల్లల్లో దీన్ని పోలిన మరో జబ్బు ఉంది. అది తలకు వచ్చే తామర. శిలీంధ్రం వల్ల వచ్చే ఆ జబ్బులో చర్మం పొట్టు లేస్తుంది, దురద ఉంటుంది, వెంట్రుకలు మధ్యలో విరిగిపోయి కనిపిస్తాయి. అది అంటుకుంటుంది, దానికి నోటి ద్వారా వేసుకునే శిలీంధ్రనాశక మందులు కావాలి. దాన్ని పేనుకొరుకుడు అనుకుని స్టీరాయిడ్ పూత రాస్తే జబ్బు ముదురుతుంది. కాబట్టి మందులను పోల్చడానికి ముందు జబ్బు ఏదో తేల్చుకోవాలి. చర్మవ్యాధి నిపుణులు మచ్చ అంచుల దగ్గర కింద సన్నగా, పైన లావుగా ఉండే పొట్టి వెంట్రుకల కోసం చూస్తారు. అవి ఆశ్చర్యార్థక చిహ్నం ఆకారంలో ఉంటాయి. అవి కనబడితే పేనుకొరుకుడు ఇంకా చురుగ్గా ఉందని అర్థం.

14.2 వెంట్రుక కుదురు దగ్గర జరిగేది

మన జనాభాలో ప్రతి వంద మందిలో దాదాపు ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధి వస్తుంది. ఇది స్వయం ప్రతిరక్షక వ్యాధి. అంటే బయటి సూక్ష్మజీవులపై దాడి చేయవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలంపైనే దాడికి దిగడం వల్ల వచ్చేది. థైరాయిడ్ సమస్యలు, బొల్లి, ఉబ్బసం వంటివి ఈ రోగుల్లో ఇతరుల కంటే ఎక్కువగా కనిపిస్తాయి.

పెరిగే దశలో ఉన్న వెంట్రుక కుదురుకు మామూలుగా ఒక రక్షణ ఉంటుంది. రోగనిరోధక కణాల కంట పడకుండా అది తన గుర్తింపు అణువులను చాలావరకు దాచి ఉంచుకుంటుంది. పేనుకొరుకుడులో ఈ రక్షణ తొలగిపోతుంది. టి-లింఫోసైట్లు కుదురు చుట్టూ మూగుతాయి. సూక్ష్మదర్శినిలో ఈ దృశ్యాన్ని వైద్యులు తేనెటీగల గుంపుతో పోలుస్తారు. ఆ కణాలు ఇంటర్‌ఫెరాన్-గామా వంటి సంకేతాలను విడుదల చేస్తాయి. ఆ సంకేతాలు కణం లోపలికి చేరడానికి జానస్ కైనేజ్ అనే ఎంజైములు కావాలి. ఈ పేరు గుర్తుంచుకోండి, తరవాత అవసరమవుతుంది.

ఇక్కడ రెండు విషయాలు మందుల పోలికకు కీలకమైనవి. మొదటిది, దాడి కుదురు అడుగు భాగంపై జరుగుతుంది. కొత్త వెంట్రుకకు మూలమైన మూలకణాలు అంతకంటే పైన, క్షేమంగా ఉంటాయి. అందుకే కుదురు చచ్చిపోదు, చర్మంపై మచ్చ గట్టిపడదు, సంవత్సరాల తరవాత కూడా వెంట్రుక మొలవవచ్చు. రెండవది, తలలో ఆ అడుగు భాగం సుమారు 4 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. పైన రాసిన మందు అంత లోతుకు చేరాలి. వేలి కొసతో రాసే పూతకు అది చిన్న దూరమేమీ కాదు.

14.3 కాకి వాలింది, పండు రాలింది

ఒకటి రెండు మచ్చలతో, ఏడాది లోపు వచ్చిన పేనుకొరుకుడు ఏ మందూ లేకుండానే తగ్గిపోయేవారు 80% వరకు ఉండవచ్చని బ్రిటన్ చర్మవ్యాధి నిపుణుల సంఘం 2012 మార్గదర్శకాలు పేర్కొన్నాయి. అయితే మచ్చ ఏర్పడిన మొదటి మూడు నెలల్లో వెంట్రుకలు రావడం అరుదు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి ఆలోచించండి.

ఒక వ్యక్తి మచ్చను గమనించి మొదటి నెల కొబ్బరినూనె రాశాడనుకుందాం. ఫలితం లేదు. రెండో నెల మందుల దుకాణంలో ఇచ్చిన ట్యూబు వాడాడు. ఫలితం లేదు. నాలుగో నెల పక్కింటివారు చెప్పిన ఆకు పసరు రాశాడు. ఐదో నెలలో సన్నని తెల్ల వెంట్రుకలు కనిపించాయి. ఆయన జీవితాంతం ఆ పసరునే పొగుడుతాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. చెట్టుపై కాకి వాలడం, అదే క్షణంలో తాటిపండు రాలడం చూసినవాడు కాకి వల్లే పండు రాలిందనుకోవడం లాంటిదే ఇది. మన పెద్దలు దీన్ని కాకతాళీయం అన్నారు. వ్యాధి తగ్గే సమయానికి చేతిలో ఏ మందు ఉంటే దానికే పేరు వస్తుంది.

దీనికి విరుగుడు నియంత్రణ సమూహం. ఒకే రకమైన రోగులను యాదృచ్ఛికంగా, అంటే చీట్లు తీసినట్టు, రెండు గుంపులుగా చేయాలి. ఒక గుంపుకు మందు, రెండో గుంపుకు మందు కలపని అదే క్రీమును ఇవ్వాలి. ఎవరికి ఏది అందిందో రోగికీ, ఫలితాన్ని కొలిచే వైద్యునికీ తెలియకూడదు. రెండు గుంపుల మధ్య మిగిలే తేడా మాత్రమే మందు ఖాతాలో పడుతుంది. తలపై వచ్చే జబ్బులకు మరో సౌకర్యం కూడా ఉంది. తలలో ఒక సగానికి మందు రాసి రెండో సగాన్ని వదిలేయవచ్చు. రోగి తలే ఆ రోగికి నియంత్రణగా పనిచేస్తుంది.

14.4 కొలత

"బాగా వచ్చింది", "కొంచెం వచ్చింది" అన్న మాటలతో పోలిక కుదరదు. పరిశోధకులు సాల్ట్ స్కోరు అనే కొలతను వాడతారు. ఇందులో తల పైభాగానికి 40%, వెనక భాగానికి 24%, రెండు పక్కలకు 18% చొప్పున వాటా ఉంటుంది. పైభాగంలో నాలుగో వంతు, వెనక సగం ఊడిపోయిన వ్యక్తిని తీసుకుందాం. 40లో నాలుగో వంతు 10, 24లో సగం 12. మొత్తం స్కోరు 22. చికిత్స తరవాత అది 11కు తగ్గితే 50% మెరుగుదల అని రాస్తారు. స్కోరు 90 నుంచి 45కు తగ్గినా అదే 50% మెరుగుదల. కాని రెండో వ్యక్తి తల ఇంకా దాదాపు సగం బోడిగానే ఉంది! పత్రికల్లో "సగం మెరుగైంది" అని చదివినప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడగడం అలవాటు చేసుకోండి. మొలిచింది నూగా, ముదురు వెంట్రుకా అన్నది కూడా అడగాలి.

14.5 స్టీరాయిడ్ పూతలు

మనదేశంలో వైద్యులు ఎక్కువగా రాసే పైపూతలు క్లోబెటాసాల్, బీటామెథాసోన్ వంటి శక్తిమంతమైన స్టీరాయిడ్లు. కుదురు చుట్టూ మూగిన టి-కణాల చురుకుదనాన్ని ఇవి తగ్గిస్తాయి. వీటికి ఉన్న మంచి సాక్ష్యాల్లో ఒకటి కెనడాలో పిల్లలపై జరిగి 2014లో ప్రచురితమైన యాదృచ్ఛిక ప్రయోగం. 2 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో కొందరికి 0.05% క్లోబెటాసాల్, మరికొందరికి బలహీనమైన స్టీరాయిడ్ అయిన 1% హైడ్రోకార్టిజోన్ ఇచ్చారు. ఆరు వారాలు రాయడం, ఆరు వారాలు ఆపడం, ఇలా రెండు సార్లు చేసి 24 వారాల దగ్గర కొలిచారు. మచ్చల విస్తీర్ణం సగమైనా తగ్గినవారు క్లోబెటాసాల్ గుంపులో 20 మందికి 17, హైడ్రోకార్టిజోన్ గుంపులో 21 మందికి 7.

శాతాల్లో ఇవి 85, 33. తేడా 52. అంటే ఇద్దరు పిల్లలకు బలమైన మందు ఇస్తే, బలహీనమైన మందుతో పోలిస్తే అదనంగా ఒకరు బాగుపడ్డారు. చర్మవైద్యంలో ఇది మంచి ఫలితం. కాని ఆ 33ను కూడా గమనించండి. బలహీనమైన మందు రాసిన పిల్లల్లోనూ ప్రతి ముగ్గురిలో ఒకరికి వెంట్రుకలు వచ్చాయి. రెండో గుంపు లేకపోయి ఉంటే 85 మొత్తం క్లోబెటాసాల్ గొప్పగా కనిపించేది.

వ్యాధి తీవ్రమైతే ఇదే మందు శక్తి ఎంత తగ్గిపోతుందో మరో అధ్యయనం చూపింది. తలంతా, లేదా ఒళ్ళంతా వెంట్రుకలు పోయిన 28 మందికి ఇటలీలో తల ఒక సగానికి క్లోబెటాసాల్ లేపనం రాసి ప్లాస్టిక్ పొరతో కప్పారు. ఇలా ఆరు నెలలు చేశాక 8 మందికి మందు రాసిన వైపు వెంట్రుకలు మొలిచాయి. వారిలో ముగ్గురికి తరవాత మళ్ళీ ఊడిపోయాయి. ఐదుగురికి మాత్రం ఫలితం నిలిచింది. సంఖ్య చిన్నదే అయినా నాకు ఇది నమ్మదగిన ప్రయోగంగా తోస్తుంది. ఏళ్ళ తరబడి బోడిగా ఉన్న తలపై ఒక సగంలోనే వెంట్రుక మొలిస్తే దాన్ని కాకతాళీయం అనలేం.

వీటి నష్టాలు తెలిసినవే. చర్మం పలచబడటం, సన్నని రక్తనాళాలు తేలడం, కుదుళ్ళ దగ్గర చీము పొక్కులు రావడం జరగవచ్చు. కనురెప్పల దగ్గర వాడితే కంటికి హాని. మందుల దుకాణాల్లో స్టీరాయిడ్‌తో పాటు శిలీంధ్రనాశకం, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబులను "అన్ని చర్మ జబ్బులకూ" అని ఇచ్చే అలవాటు మన ఊళ్ళలో బలంగా ఉంది. అటువంటి ట్యూబు తల తామరను కప్పిపెట్టి రోగ నిర్ధారణనే కష్టం చేస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
కెనడా ప్రయోగంలో హైడ్రోకార్టిజోన్ బదులు ఏమీ రాయని గుంపును పెట్టి ఉంటే ఏ లోపం వచ్చేది? (జవాబు రాసే ముందు 14.3లోని మూడో పేరా మళ్ళీ చదవండి.)

14.6 ఉల్లిరసం: ఒక మంచి అభ్యాసం

ఉల్లిపాయ రసం పేనుకొరుకుడుకు పనిచేస్తుందన్న మాట మీరు తప్పక విని ఉంటారు. దీనికి ఒక ప్రచురిత అధ్యయనం ఉందన్నది చాలామందికి తెలియదు. ఇరాక్ వైద్యులు 2002లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 23 మంది రోజుకు రెండుసార్లు ఉల్లిరసం రాసుకున్నారు. 15 మంది కుళాయి నీళ్ళు రాసుకున్నారు. ఆరు వారాలకు ఉల్లి గుంపులో 20 మందికి, అంటే 87% మందికి వెంట్రుకలు మొలిచాయి. నీళ్ళ గుంపులో ఎనిమిది వారాలకు ఇద్దరికే.

అంకెలు చూస్తే ఇది క్లోబెటాసాల్‌ను మించిపోయినట్టుంది. అలా అనవచ్చా? మొదట, ఉల్లి వాసనను దాచడం అసాధ్యం. ఎవరు ఏది రాసుకుంటున్నారో రోగికీ తెలుసు, కొలిచేవారికీ తెలుసు. రెండవది, సంఖ్య చిన్నది. మూడవది, రెండు అధ్యయనాలు "ఫలితం" అన్న మాటకు ఒకే అర్థం ఇవ్వలేదు. కెనడాలో మచ్చ విస్తీర్ణం సగం తగ్గాలి. ఇక్కడ వెంట్రుకలు మొలవడం చాలు. అందుచేత 87ను 85 పక్కన పెట్టి ఏది పెద్దదని అడగడమే తప్పు. వేర్వేరు రోగులపై, వేర్వేరు కొలతలతో వచ్చిన శాతాలను నేరుగా పోల్చకూడదు.

అలాగని ఉల్లిరసం దండగ అని కూడా తేల్చలేం. అది చర్మాన్ని మండించి ఎరుపెక్కిస్తుంది, అలా మండించే పదార్థాలు ఈ వ్యాధిలో నిజంగానే పనిచేయగలవని తరవాతి విభాగంలో చూస్తాం. సాక్ష్యం బలహీనం, నష్టం స్వల్పం. ఒకే ఒక్క చిన్న మచ్చ ఉన్న పెద్దవారు చర్మం పుండు పడకుండా రాసుకుంటే వైద్యుడు అడ్డుచెప్పకపోవచ్చు.

గురివింద గింజ సంగతి వేరు. దాన్ని నూరి, మచ్చను బ్లేడుతోనో గరుకు గుడ్డతోనో రుద్ది పూయడం తెలుగు పల్లెల్లో పాత పద్ధతి. ఆ గింజలో అబ్రిన్ అనే విష ప్రోటీన్ ఉంది. ఆముదపు గింజలోని రిసిన్‌కు అది దగ్గరి చుట్టం. గీకిన చర్మంపై దాన్ని పూయడం, నూరిన ముద్ద పిల్లలకు అందేచోట ఉంచడం ప్రమాదం.

14.7 మండించే మందులు

ఆంత్రలిన్‌ను సోరియాసిస్‌కు వాడతారు. పేనుకొరుకుడులో 0.5 నుంచి 1% బలంతో రాసి, అరగంట లోపు కడిగేస్తారు. చర్మం కొద్దిగా ఎర్రబడి దురద పెడితేనే పనిచేసే అవకాశం ఉంది. బట్టలకు, దిండు గలీబులకు, చర్మానికి గోధుమరంగు మరకలు పడతాయి. ఈ ఒక్క కారణంతోనే చాలామంది మధ్యలో మానేస్తారు.

దీనికంటే ఆసక్తికరమైనది స్పర్శ ఇమ్యునోథెరపీ. ఇందులో వాడే రసాయనం డైఫినైల్‌సైక్లోప్రొపినోన్, క్లుప్తంగా డీపీసీపీ. ముందుగా 2% ద్రావణాన్ని తలపై చిన్న చోట రాసి, ఆ రసాయనానికి శరీరం అలెర్జీ పెంచుకునేలా చేస్తారు. రెండు వారాల తరవాత చాలా పలచని, అంటే 0.001% ద్రావణంతో మొదలుపెట్టి వారానికోసారి రాస్తూ, ఒకటి రెండు రోజులు తేలికపాటి దురద, ఎరుపు ఉండేంతవరకు బలం పెంచుకుంటూ పోతారు. రాసిన చోటును 48 గంటలు ఎండ తగలకుండా కప్పి, తరవాత కడగాలి. వెలుతురుకు ఈ రసాయనం చెడిపోతుంది కనుక ముదురు రంగు సీసాల్లో దాచుతారు. రాసే వైద్య సిబ్బందికి కూడా అలెర్జీ రావచ్చు, అందుకే చేతి తొడుగులు తప్పనిసరి.

శరీరం తనపైనే చేస్తున్న దాడిని ఆపడానికి మరో అలెర్జీని తెచ్చిపెట్టడం వింతగా లేదూ? కొత్త రసాయనం వైపు వచ్చిన రోగనిరోధక కణాలు కుదురుపై దాడిని పక్కదారి పట్టిస్తాయన్నది ఒక వివరణ. పూర్వం ఇదే పనికి డీఎన్‌సీబీ అనే రసాయనం వాడేవారు. బ్యాక్టీరియాపై చేసిన పరీక్షలో అది జన్యు మార్పులు కలిగిస్తుందని తేలడంతో వదిలేశారు. డీపీసీపీ ఆ పరీక్ష నెగ్గింది.

దీన్ని మొదట తల ఒక సగానికే రాయడం పాత సంప్రదాయం. రాసిన వైపు మొలిచి, రాయని వైపు మొలవకపోతే మందు ప్రభావమని తెలుస్తుంది. రెండు వైపులా మొలిస్తే వ్యాధి దానంతట అదే తగ్గిందనుకోవచ్చు. పరిశోధన కోసం పుట్టిన పద్ధతి ఇలా రోజువారీ వైద్యంలోకి వచ్చింది. మచ్చలు ఎక్కువగా ఉన్నవారికి ఆరు నెలలైనా వాడి చూస్తారు. మెడ దగ్గర గ్రంథులు వాయడం, బొబ్బలు రావడం జరగవచ్చు. మన చర్మపు ఛాయలో మరో చిక్కు కూడా ఉంది. రాసిన చోట నల్లబడటం, లేదా బొల్లిలా తెల్లబడటం మనకు స్ఫుటంగా కనిపిస్తుంది. గర్భిణులకు ఇది వాడరు.

14.8 మినాక్సిడిల్

ఇది మొదట రక్తపోటు మాత్ర. వేసుకున్నవారికి ఒళ్ళంతా వెంట్రుకలు పెరగడం చూసి తలపై రాసే ద్రావణంగా మార్చారు. పెరిగే దశను పొడిగిస్తుంది గాని టి-కణాల దాడిని ఆపదు. కాబట్టి పేనుకొరుకుడులో 5% ద్రావణాన్ని స్టీరాయిడ్‌కు తోడుగా ఇస్తారు, ఒంటరిగా దానిపై ఆశ పెట్టుకోరు. ముఖంపై నూగు పెరగడం మహిళలు ఇబ్బంది పడే దుష్ఫలితం.

14.9 సిద్ధాంతం సరిపోయినా తలపై ఓడినవి

రోగనిరోధక కణాలను అణచే టాక్రోలిమస్ ప్రయోగశాల జంతువుల్లో వెంట్రుకలు మొలిపించింది. మనుషుల్లో 11 మందికి 0.1% లేపనాన్ని 24 వారాలు రాస్తే ఒక్కరికీ ముదురు వెంట్రుక రాలేదు. జానస్ కైనేజ్‌ను నిరోధించే రుక్సోలిటినిబ్ క్రీముకూ అదే గతి పట్టింది. మందు లేని క్రీముతో పోల్చిన ప్రయోగంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాని అదే కోవకు చెందిన బారిసిటినిబ్ మాత్ర తీవ్రమైన పేనుకొరుకుడులో పనిచేసింది. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. దాడి చేయవలసిన గురి ఒకటే, ఒకటి పూత, ఒకటి మాత్ర. 14.2లో చెప్పిన ఆ 4 మిల్లీమీటర్ల లోతు ఇక్కడ ప్రధాన అనుమానితుడు. అందుకే పెద్దవారిలో కొద్దిపాటి మచ్చలకు చాలామంది నిపుణులు పూత కంటే ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్‌నే ముందుగా ఎంచుకుంటారు. సూది మందును నేరుగా కుదుళ్ళ దగ్గర వదులుతుంది. నొప్పి కారణంగా పిల్లలకు అది కుదరదు, వారికి క్లోబెటాసాల్ పూతే తగినది. మాత్రలకు రక్త పరీక్షలు, అంటువ్యాధుల ముప్పు, పెద్ద ఖర్చు ఉన్నాయి. రెండు చిన్న మచ్చల కోసం వాటిని వాడరు.

2008లో కాక్రేన్ సంస్థ సమీక్షకులు అప్పటివరకు జరిగిన 17 యాదృచ్ఛిక ప్రయోగాలను, మొత్తం 540 మంది రోగులను పరిశీలించి, ఏ చికిత్సకూ దీర్ఘకాలిక ప్రయోజనానికి గట్టి రుజువు లేదన్నారు. ఇది "ఏ మందూ పనిచేయదు" అని చెప్పడం కాదు. 540ని 17తో భాగిస్తే ఒక్కో ప్రయోగానికి సగటున 32 మంది వస్తారు. సగం మందికి పైగా దానంతట అదే తగ్గగల జబ్బులో అంత చిన్న గుంపులతో మందు ప్రభావాన్ని విడదీసి చూడటం కష్టం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. తల పైభాగంలో సగం, కుడిపక్క మూడో వంతు వెంట్రుకలు పోయిన వ్యక్తి సాల్ట్ స్కోరు ఎంత? స్కోరు 13కు తగ్గితే మెరుగుదల ఎంత శాతం?
2. "మా నూనె వాడిన 100 మందిలో 70 మందికి ఆరు నెలల్లో వెంట్రుకలు వచ్చాయి" అని ఒక ప్రకటన వచ్చింది. ఆ అంకె నిజమే అనుకున్నా, కంపెనీని మీరు అడగవలసిన మూడు ప్రశ్నలు రాయండి.
3. ఉల్లిరసం ప్రయోగాన్ని మీరే మళ్ళీ చేయవలసి వస్తే, వాసన సమస్యను ఎదుర్కొంటూ నియంత్రణ గుంపుకు ఏమి రాయిస్తారు? పది వాక్యాల్లో వివరించండి.